ఎడమ జమ, కుడి ఉధార్

పోయిన వారం ఫాల్గునిని కాలేజీ మెట్ల మీద వదిలి వచ్చాం. ఆమె చేతిలో వసావడా సాహెబ్ దిద్ది ఇచ్చిన అకౌంట్స్ పేపరు ఉంది. ఇచ్చిన ఖాతాలన్నీ తెరిచింది, మొత్తాలన్నీ తేల్చింది, ఒక్క అంకె తప్పు పోలేదు. అయినా పైన ఎర్ర సిరాతో సున్నా. జమ (క్రెడిట్) రాయాల్సిన చోట ఉధార్ (డెబిట్), ఉధార్ రాయాల్సిన చోట జమ. పేపరంతా అద్దంలో చూసి రాసినట్టుంది.

"ఇలా ఎవరు నేర్పారమ్మా నీకు?" అని సాహెబ్ అడిగితే ఫాల్గుని నోరు విప్పలేదు. విప్పితే మామగారి పేరు చెప్పాలి.

"రెండోసారి పరీక్ష పెట్టే అలవాటు నాకు లేదు" అని ఆయన రిజిస్టరు మూసేశారు. ఈ మార్కులు లేకపోతే టర్ము దక్కదు. టర్ము దక్కకపోతే ఏడాది పోతుంది. ఏడాది పోతే చదువే పోతుంది. పెళ్ళిచూపుల రోజునే అత్తగారు మంఛాబా తేల్చి చెప్పింది. "పొద్దుటి కాలేజీ అంటే పొద్దుటి వంట నా మోకాళ్ళ మీద పడుతుంది. పడనీ. పిల్ల చదువుకుంటానంటే నేనెందుకు వద్దంటాను? కానీ ఫెయిలైందా, ఆ మర్నాటి నుంచి పొయ్యి దగ్గర తనే."

అది జరిగింది గురువారం. ఈరోజు శనివారం. ఆ పేపరు సంగతి ఫాల్గుని ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. మొగుడు కిరీట్ అలంగ్‌లో పాత ఓడల సామాను అమ్మే కొట్లో పని చేస్తాడు, ఆదివారం గానీ ఇంటికి రాడు. చెప్పుకోవాలన్నా మనిషి లేడు.

మధ్యాహ్నం టీ అయ్యాక ఎప్పటిలాగే వసారాలో పాఠం మొదలైంది.

ఆ ఇంట్లో పాఠం జరిగే తీరే వేరు. మామగారు ఓధవ్‌జీ ఉయ్యాల బల్ల దిగి, నడిగది గుమ్మానికి వీపు పెట్టి, నల్లరాతి నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంటారు. సుద్దముక్కతో నేల మీద నిలువుగా గీత గీస్తారు. గుమ్మానికి వేలాడే తెర వెనక ఫాల్గుని కూర్చుంటుంది, కొంగు ముఖం మీదికి లాక్కుని. తెర సందులోంచి మామగారి భుజం మీదుగా ఆ గీత కనబడుతుంది. ఆయన ముఖం కనబడదు. ఆమె ముఖం ఆయనకు కనబడకూడదు, ఆమె మాట నేరుగా ఆయన చెవిన పడకూడదు. ఇద్దరికీ మధ్య గడప మీద మంఛాబా. ఏ కూరో బాగు చేసుకుంటూ, ఇటు మాట అటూ అటు మాట ఇటూ చేరవేస్తూ ఉంటుంది. మూడడుగుల దూరంలో ఉన్న ఇద్దరికీ ఒకరి మాట ఒకరికి శుభ్రంగా వినబడుతుందని ముగ్గురికీ తెలుసు. అయినా లాజ్ లాజే, మామగారి ముందు కోడలు పాటించాల్సిన మరుగు అది. మంఛాబా కోడలిగా ఉన్నన్నాళ్ళూ తన మామగారితో ఒక్క మాట మాట్లాడలేదు.

ఓధవ్‌జీ గంజ్‌లో, అంటే ధాన్యం బజారులో, ఒకే సేఠ్ దగ్గర గుమాస్తాగా జీవితం గడిపారు. సేఠ్ మనవడు కంప్యూటర్ తెచ్చిపెట్టి, "కాకా, ఇక మీరు ఇంట్లో విశ్రాంతి తీసుకోండి" అన్నాక ఇంటికి వచ్చి గోడ వైపు తిరిగి కూర్చున్నారు. తిండి పెడితే తినేవారు. పలకరిస్తే ఊఁ అనేవారు. ఒక సాయంత్రం కోడలు లోపల కూర్చుని ఖాతాల పాఠం పైకి చదువుకుంటుంటే, ఆ వీపు కదిలింది. "అలా కాదని చెప్పు" అంది. ఆరోజు నుంచి పాఠం మొదలైంది, ఆయన మాటా మొదలైంది. గంజ్ కబుర్లు, సేఠ్ పిసినారితనం, ఎండు మిరప బస్తాల మధ్య తుమ్ములు, అన్నీ పాఠంలో భాగమే. మంఛాబా పాఠం అర్థం కాకపోయినా తుమ్ముల దగ్గర నవ్వేది.

గంజ్ పద్ధతిలో ఎడమ పక్క జమ, కుడి పక్క ఉధార్. కాలేజీ పుస్తకంలో ఎడమ పక్క ఉధార్, కుడి పక్క జమ. ఇంతే తేడా. పుస్తకంలో ఆ తేడా చూసి కూడా ఫాల్గుని పరీక్ష హాల్లో కూర్చునేసరికి, చెవిలో మామగారి గొంతే వినబడింది, చెయ్యి ఆ గొంతు వెనకే పోయింది.

"పరీక్ష కాగితాలు ఇచ్చారేమో అడుగు" అన్నారు ఓధవ్‌జీ వీధి వైపు చూస్తూ.

"ఇచ్చారా?" మంఛాబా మెంతాకు కట్ట విప్పుతూ అడిగింది.

"ఇంకా లేదు బా." అత్తగారిని ఫాల్గుని పిలిచేది అలాగే, అమ్మా అన్నట్టు.

"ఇంకా లేదట."

ఓధవ్‌జీ కాసేపు సుద్దముక్కను వేళ్ళ మధ్య దొర్లించారు. "సరే. కరసన్ అరువు మీద రెండు బస్తాల సజ్జలు పట్టుకెళ్ళాడు. కరసన్ ఖాతాలో ఏ పక్క రాయాలో అడుగు."

ఫాల్గుని కొంగు అంచు వేలికి చుట్టుకుంది. గురువారం రాత్రంతా ఆలోచించి ఒక నిర్ణయానికి వచ్చింది. కాలేజీ ఎలాగూ పోయింది. దాంతోపాటు ఈ సాయంత్రాలు కూడా ఎందుకు పోవాలి? ఆయన నేర్పినట్టే చెబుతుంది. ఎప్పటికీ అలాగే చెబుతుంది.

"కుడి పక్క, బా. ఉధార్."

"కుడి పక్కట."

"కాదు" అన్నారు ఓధవ్‌జీ. "ఎడమ పక్క."

ఫాల్గుని తెరను కొంచెం జరిపింది. తప్పుగా విన్నానేమో అనుకుంది. ఆయన సుద్దతో గీతకు ఎడమ పక్క కరసన్ పద్దు రాస్తున్నారు. ఆ చెయ్యి మెల్లగా, కొత్తగా అక్షరాలు దిద్దుకునే పిల్లవాడి చెయ్యిలా కదులుతోంది. నిద్రలో లేపి అడిగినా తడుముకోకుండా చెప్పే మనిషికి ఈరోజు ఎడమా కుడీ తెలియడం లేదు. మతిమరుపు మొదలైందా?

"బా, బాపూజీకి చెప్పండి" అంది ఫాల్గుని. "ఎడమ పక్క జమ కదా, ఉధార్ కుడి పక్క కదా అని."

"ఎడమ పక్క జమ అంటోంది."

"ఎడమ పక్క ఉధార్ అని చెప్పు."

"ఉధారట."

"కాదు బా, బాపూజీయే అలా నేర్పారు నాకు."

"మీరే నేర్పారట."

"నేర్పినవాడు తప్పు నేర్పాడని చెప్పు."

"తప్పేం కాదు బా, బాపూజీ చెప్పిందే సరైనది. గంజ్‌లో అందరూ అలాగే రాస్తారు."

"గంజ్ సంగతి వదిలెయ్యమను. ఎడమ పక్క ఉధార్ అని పైకి చెప్పమను, నేను వినాలి."

"నేను చెప్పను బా."

మంఛాబా మెంతాకు కట్ట ఒళ్ళోంచి తీసి నేల మీద పడేసింది. "ఏమిటండీ ఇది! మొన్నటిదాకా ఇద్దరూ ఒకే పాట పాడారు. ఇవాళ ఆవిడ మీ పాట పాడుతోంది, మీరు ఇంకెవరిదో పాడుతున్నారు. ఎడమ, కుడి, ఎడమ, కుడి! నేనేమన్నా ఇక్కడ పోలీసులకి కవాతు చేయిస్తున్నానా? నాకు మెంతాకులో గడ్డి ఏదో తెలుసు గానీ ఇది తెలీదు. నోరు ఎండిపోయింది. మీ మాటలేవో మీరే మాట్లాడుకోండి."

"లాజ్..." అన్నారు ఓధవ్‌జీ నెమ్మదిగా.

"లాజ్ పెట్టింది మీ అమ్మ. పైకి పోయాక ఆవిడ అడిగితే నేను సమాధానం చెప్పుకుంటాలెండి."

వసారాలో గాలికి ఉయ్యాల గొలుసు ఒక్కసారి కిర్రుమని ఆగింది. వీధిలో బొగ్గు ఇస్త్రీవాడు ఎవరితోనో బేరమాడుతున్నాడు. ఓధవ్‌జీ వెనక్కి తిరగలేదు. తల కొంచెం వంచి, నేల మీది గీతతో చెబుతున్నట్టు అన్నారు.

"సున్నా వచ్చిందని నాకెందుకు చెప్పలేదు?"

మాట చివర 'అడుగు' అని లేదు.

మంఛాబా నోరు తెరుచుకుని భర్తనీ తెరనీ మార్చి మార్చి చూసింది. ఫాల్గుని అలవాటుగా "బా..." అని మొదలుపెట్టబోయి ఆగింది. అడిగింది ఆయన. ఆ ప్రశ్నకి మధ్యవర్తి లేదు. పెళ్ళై వచ్చాక ఆయనతో ఒక్క మాట మాట్లాడని గొంతు, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక తడబడింది.

"చెబితే మీరు నేర్పడం మానేస్తారని, బాపూజీ."

ఓధవ్‌జీ సుద్దముక్క కింద పెట్టారు.

"నిన్న మధ్యాహ్నం నల్లటోపీ పెట్టుకుని కాలేజీకి వెళ్ళాను" అన్నారు. "మీ బాకి గుడికని చెప్పాను. మా కోడలు ఎలా చదువుతోంది సాహెబ్, అని అడుగుదామని. మెచ్చుకుంటాడనుకున్నాను. నిజం చెప్పాలంటే నన్ను మెచ్చుకుంటాడనుకున్నాను. ఆయన నీ సున్నా సంగతి చెప్పి, నన్ను పైనుంచి కిందికి చూసి, 'ఓహో, ఆ గురువుగారు మీరేనా' అన్నాడు."

"అయ్యో బాపూజీ."

"నేనన్నాను, సాహెబ్, ఆ సున్నా పిల్లది కాదు, నాది, నా పేరు మీద రాసుకోండి అని. మీ పేరు నా రిజిస్టరులో లేదు కదా కాకా, అన్నాడు. మంచివాడే. టీ తెప్పించాడు."

"ఏం సున్నా?" అంది మంఛాబా. ఆమె గొంతు మారిపోయింది. "ఎవరికి సున్నా? ఊఁ? ఫెయిలయ్యావా నువ్వు?"

ఫాల్గుని తెర తీసి బయటికి వచ్చింది. కొంగు ముఖం మీదే ఉంది. "అవును బా."

"ఎప్పుడు?"

"గురువారం ఇచ్చారు."

"అంటే గురువారం నుంచి నువ్వు నా పక్కన కూర్చుని రొట్టెలు ఒత్తుతూ, ఇంకా ఇవ్వలేదు బా, ఇంకా ఇవ్వలేదు బా, అంటున్నావు. ఈయనేమో గుడికని చెప్పి కాలేజీలో టీలు తాగి వచ్చారు. ఇటు మాట అటూ అటు మాట ఇటూ మోసేది నేను. సంగతి తెలియనిది కూడా నాకే. బాగుంది!" ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కోపంతోనో మరెందుకో ఆమెకే తెలియదు. "నా షరతుకి భయపడ్డావా?"

ఫాల్గుని కొంగు ఇంకాస్త కిందికి లాక్కుంది. "మొదట దానికే భయపడ్డాను బా. అబద్ధం ఎందుకు. తర్వాత... బాపూజీ మళ్ళీ గోడ వైపు తిరిగి కూర్చుంటారేమోనని."

ఆ వీపుకి పూట పూటా కంచం పెట్టింది మంఛాబాయే. కంచం తీసేటప్పుడు, రుచి ఎలా ఉందని అడిగితే జవాబు రాని ఆ రోజులు ఆమెకు తెలిసినంతగా ఇంకెవరికి తెలుసు? నేల మీద పడేసిన మెంతాకు ఏరుకుని, మోకాలి మీద చెయ్యి ఆనించి లేచి, ఎవరినీ చూడకుండా లోపలికి వెళ్ళిపోయింది.

కాసేపటికి వంటింట్లో పిండి డబ్బా మూత తెరిచిన చప్పుడైంది. తర్వాత కత్తిపీట చప్పుడు. మెంతాకు సన్నగా తరుగుతున్న చప్పుడు. సాయంత్రం మెంతాకు రొట్టెలు, అదే థేప్లాలు, చేసేది ఫాల్గుని. ఆమె గబగబా వంటింటి వైపు అడుగు వేసింది.

"నువ్వు రాకు!" లోపలి నుంచి కేక. "షరతు సంగతి తర్వాత తేలుద్దాం. ముందు ఆ మహానుభావుడు అక్కడ ఇంకా ఏం వెలగబెట్టి వచ్చారో పూర్తిగా కనుక్కో. గట్టిగా మాట్లాడుకోండి. ఈసారి నాకు వినబడాలి."

ఫాల్గునికి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. కొంగు కింద కళ్ళు తుడుచుకుని గడప మీద, అత్తగారు కూర్చునే చోట కూర్చుంది.

"తర్వాత ఏమన్నారు బాపూజీ, సాహెబ్?"

ఓధవ్‌జీ వంటింటి వైపు గొంతెత్తి, కొడుకు పేరుతో భార్యని పిలిచారు. "కిరీట్ బా! ఇలా రా. నువ్వు లేకుండా చెప్పను."

"చేతులకి పిండి ఉంది."

"పిండితోనే రా."

మంఛాబా మోచేతుల దాకా పిండితో వచ్చి, కోడలు లేవబోతే వద్దని తల ఊపి, ఉయ్యాల బల్ల అంచున కూర్చుంది. కోడలి ఎదుట ఆమె ఆ బల్ల మీద కూర్చోవడం అదే మొదలు. పిండి చేతులు రెండూ ముందుకు చాపి పట్టుకుంది, ఎవరో గోరింటాకు పెట్టినట్టు.

"చెప్పండి."

"సాహెబ్ మళ్ళీ పరీక్ష పెడతానన్నాడు. సోమవారం."

ఫాల్గుని గడప మీంచి సగం లేచింది. "పెట్టనన్నారు కదా! ఎవరికీ పెట్టరు ఆయన!"

"నేను చాలాసేపు కూర్చున్నాను" అన్నారు ఓధవ్‌జీ. గంజ్‌లో బేరం తెగ్గొట్టి వచ్చిన రోజుల్లో ఆయన గొంతు ఇలాగే ఉండేదని మంఛాబాకి గుర్తొచ్చింది. "ఇంటికెళ్ళండి కాకా అంటాడు. వెళ్తాను సాహెబ్ అంటాను. వెళ్ళను. మధ్యాహ్నం షిఫ్టు పిల్లల క్లాసు మొదలైంది. చివరి బెంచీలో కూర్చుని విన్నాను. పిల్లలు నన్ను చూసి ఒకటే నవ్వు. ఆ పాఠం అక్కడే నేర్చుకున్నాను. ఎడమ ఉధార్, కుడి జమ. అంతేగా."

"దానికి ఆయన ఒప్పుకున్నారా?" మంఛాబా నమ్మలేదు. "ఊరికే?"

ఓధవ్‌జీ టోపీ లేని తల నిమురుకున్నారు. "ఊరికే కాదు. ఒక మాట అడిగాడు. సరేనని వచ్చాను."

"ఏం మాట?"

"ఇంట్లో రోజూ పాత పక్కలు వినే పిల్ల, నా దగ్గర ఎన్నాళ్ళు కూర్చున్నా మారదు కాకా, అన్నాడు. ముందు మీరు మారండి, అన్నాడు. సోమవారం పరీక్ష ఆమెతో పాటు నేనూ రాయాలి. ఇద్దరూ పాసైతే సున్నా కొట్టేస్తాడు. ఎవరు తప్పినా ఆ సున్నా అలాగే ఉంటుంది."

ముందు నవ్వింది మంఛాబా. పిండి చేతులతో నోరు మూసుకోలేక, మోచేత్తో మూసుకుని, ఉయ్యాల ఊగిపోయేటట్టు నవ్వింది. "ఈ వయసులో పరీక్ష! నాలుగో క్లాసులో మాస్టారు కొట్టాడని బడి మానేసిన మనిషి! ఫెయిలైతే? కోడలితో పాటు మిమ్మల్ని కూడా పొయ్యి దగ్గర కూర్చోబెట్టాలా?"

"కూర్చోబెట్టు. రొట్టెలు ఒత్తడం కూడా నేర్చుకుంటా."

ఫాల్గుని మాత్రం నవ్వలేదు. ఆమెకు ఆ నేల మీద, మెల్లగా దిద్దినట్టు రాసిన కరసన్ పద్దు కనబడుతోంది. మతిమరుపు కాదు. నిన్నటి నుంచి ఆయన ఈ ఒక్క పద్దునీ ఎన్నిసార్లు మనసులో అనుకుని ఉంటారో. తను అబద్ధం చెబుతూ ఆయన పాఠాన్ని కాపాడాలనుకుంది. ఆయన ఆ పాఠాన్నే వదిలేసి తన చదువుని కాపాడబోయారు.

"బాపూజీ" అంది. రెండోసారి పిలవడం మొదటిసారి కంటే సులువుగా ఉంది. "నేను పాసవుతాను. మీరు భయపడకండి."

"నేను భయపడటం ఏమిటి?" ఓధవ్‌జీ సుద్దముక్క అందుకున్నారు. "ఇదీ ఒక లెక్కేనా? ఇవ్వు కిరీట్ బా, నువ్వే ఒక లెక్క ఇవ్వు. నీకు తోచింది."

"నాకేం తెలుసు లెక్కలు!" అన్నా, మంఛాబా ఉత్సాహంగా ముందుకి వంగింది. "సరే. పాల మావ్‌జీ నాకు డబ్బాడు నెయ్యి అరువిచ్చి వెళ్ళాడు. డబ్బులు తర్వాత ఇస్తానన్నాను. రాయండి మరి."

ఓధవ్‌జీ పక్కనున్న తడిగుడ్డతో కరసన్‌ని తుడిచేశారు. కొత్తగా గీత గీశారు. పైన మావ్‌జీ పేరు రాశారు.

"మనకి అరువిచ్చాడు. అంటే మావ్‌జీ ఖాతాలో జమ" అన్నారు, ఒక్కో మాటా విడదీసి, క్లాసులో విన్నట్టే. "పాత పద్ధతిలో అయితే ఎడమ. ఇప్పుడు అది కాదు. జమ అంటే కుడి పక్క. కుడి పక్క."

సుద్ద నేల మీద చకచకా నడిచింది. ఈసారి తడబాటు లేదు, దిద్దడం లేదు. గంజ్‌లో జీవితమంతా నడిచిన చెయ్యి అది. పద్దు ముత్యాల్లాంటి అక్షరాలతో పూర్తయింది. సుద్ద పక్కన పెట్టి చేతులు దులుపుకున్నారు.

నోరు కుడి పక్క అంది. పద్దు గీతకి ఎడమ పక్క ఉంది.

ఫాల్గునికి అది కనబడింది, ఆయనకి కనబడలేదు. మంఛాబాకి ఏ పక్క ఏదో తెలియదు. "రాశారే!" అంది ఆమె ముచ్చటగా. "కోడలా, చూడు, సరిగ్గా ఉందా?"

ఓధవ్‌జీ నేల మీదే మెల్లగా వెనక్కి తిరిగారు. ఇన్నాళ్ళుగా వీపు ఒక్కటే చూసిన ఫాల్గునికి మొదటిసారి ఎదురుగా ఆ ముఖం కనబడింది. తెల్లటి కనుబొమ్మలు, ముక్కు కొన మీద సుద్దపొడి. మార్కులు చెబుతారని నిలబడ్డ బడిపిల్లాడి ముఖంలా వెలిగిపోతోంది.

"చెప్పు బేటా" అన్నారు. "సరేనా?"